ఇరవై ఆరు లేన్ల తర్వాత



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట నెలకొల్పారో ఆ గురువుగారి దగ్గర రోడ్ల ఇంజనీరింగ్ నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ని. ఆయన బోర్డు మీద సూత్రం రాయడానికి ముందే మమ్మల్ని రోడ్డు మీదికి పంపేవారు. కూడలిలో నిలబడి వచ్చేపోయే బళ్లను లెక్కపెట్టడం మా మొదటి పాఠం. లెక్కల ఫారంలో కారు, బస్సు, లారీ, ఆటో, స్కూటరు, సైకిలు అని గడులు ఉండేవి. వాటి పక్కన ఆయన ఇంకో గడి గీయించేవారు. అది మనుషుల గడి. బస్సు ఒక్కటే కావచ్చు, లోపల అరవైమంది ఉంటారు. కారు కూడా ఒక్కటే, లోపల తరచుగా ఒక్కరే ఉంటారు. రోడ్డు ఎవరికోసం వేస్తున్నామో ఆ చివరి గడి చెబుతుందని ఆయన నమ్మకం.

ఆయన పేరు మీద మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు ఆ గడికి సంబంధించిన ప్రశ్ననే ఎంచుకున్నాను. నగరంలో కిక్కిరిసిన రహదారిని వెడల్పు చేస్తే, రోజూ ఉద్యోగాలకు వెళ్లొచ్చేవాళ్ల కష్టం తీరుతుందా? ఈ ప్రశ్న మీద అభిప్రాయాలకు కొదవ లేదు. అందుకే అభిప్రాయాలను పక్కనపెట్టి, ఒకే ఒక రోడ్డు చరిత్రను మీ ముందు విప్పుతాను. అందులోంచి వచ్చే పాఠాన్ని మన ఊళ్లకు ఎంతవరకు వర్తింపజేయవచ్చో చివర్లో చెబుతాను.

కేటీ ఫ్రీవే

అమెరికాలోని హ్యూస్టన్ నగరం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆ నగరపు శివార్లలో, కేటీ, సైప్రస్, షుగర్ ల్యాండ్ ప్రాంతాల్లో మన కుటుంబాలు చాలా ఉన్నాయి. నగర కేంద్రం నుంచి పడమరగా కేటీ ఊరివైపు సాగే ఇంటర్‌స్టేట్ 10 రహదారిని అక్కడ కేటీ ఫ్రీవే అంటారు. బీపీ, షెల్, కొనోకోఫిలిప్స్ వంటి చమురు కంపెనీల కార్యాలయాలు వెలసిన ఎనర్జీ కారిడార్ ఆ రోడ్డు పక్కనే ఉంది.

1956లో అధ్యక్షుడు ఐజన్‌హోవర్ సంతకం చేసిన రహదారుల చట్టం 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ వ్యవస్థకు పునాది వేసింది. ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వానిది, పది శాతం రాష్ట్రానిది. ఆ వెసులుబాటుతో అమెరికాలోని ఎన్నో నగరాలు తమ మధ్యలోంచి ఫ్రీవేలు వేయించుకున్నాయి. కేటీ ఫ్రీవే 1960ల్లో వచ్చింది. రోజుకు సుమారు 80,000 వాహనాలకు సరిపోతుందని కట్టిన ఆ రోడ్డు మీద 1990ల చివరికి రెండు లక్షలకు పైగా తిరిగేవి. 2004లో అమెరికన్ హైవే యూజర్స్ అలయెన్స్ అనే సంస్థ దేశంలోని ఇరుకు కూడళ్ల జాబితా వేసింది. కేటీ ఫ్రీవే నగరపు లోపలి వలయం ఇంటర్‌స్టేట్ 610ని కలిసే చోటుకు అందులో రెండో స్థానం దక్కింది. అక్కడివాళ్లు పడిన అవస్థ నిజం. దాన్ని తీర్చాలన్న సంకల్పమూ నిజమే.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, ఆ రోడ్డు మధ్యలో 1984 నుంచి ఒక ప్రత్యేక లేన్ ఉండేది. పొద్దున నగరం వైపు, సాయంత్రం శివార్ల వైపు దిశ మార్చుకునే ఆ లేన్‌లో మొదట్లో బస్సులకు, పలువురు కలిసి వెళ్లే వ్యాన్లకు మాత్రమే అనుమతి. కార్లకు పేరుపడ్డ టెక్సాస్‌లో బస్సుకు దారి వదలాలన్న ఆలోచన అంత ముందుగానే వచ్చింది. రెండోది, ఫ్రీవే పక్కనే మిస్సోరి-కేన్సస్-టెక్సాస్ రైలు కంపెనీ పట్టాలు ఉండేవి. 1992లో రాష్ట్ర రవాణా శాఖ ఆ స్థలాన్ని కొన్నది. తర్వాత పట్టాలు తీసేశారు. నగర కేంద్రం నుంచి శివార్ల దాకా తిన్నగా సాగే రైలు దారి రోడ్డు విస్తరణకు స్థలంగా మారింది.

2003లో పని మొదలై 2008లో ముగిసింది. దాదాపు 23 మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల పొడవున రోడ్డును తిరగ్గట్టారు. ఖర్చు సుమారు 280 కోట్ల డాలర్లు. మధ్యలో టోల్ లేన్లు, వాటికి ఇరువైపులా ప్రధాన లేన్లు, అంచుల్లో సర్వీసు రోడ్లు వచ్చాయి. అన్నీ కలిపితే అత్యంత వెడల్పైన చోట 26 లేన్లు. ప్రపంచంలోని అతి వెడల్పైన రహదారుల్లో ఒకటని దానికి పేరు వచ్చింది.

తొలి ఏళ్లలో ఫలితం కనిపించింది. ప్రయాణ సమయాలు తగ్గాయి, ప్రజలు సంతోషించారు. ఆ తర్వాత సంగతి హ్యూస్టన్‌లో ట్రాఫిక్‌ను నమోదుచేసే ట్రాన్‌స్టార్ సంస్థ లెక్కల్లోనే ఉంది. ఆర్థికవేత్త జో కోర్ట్‌రైట్ వాటిని విశ్లేషించారు. 2011 నుంచి 2014 మధ్య, అంటే మూడేళ్లలోనే, పొద్దుటి రద్దీ వేళ ప్రయాణ సమయం దాదాపు 30 శాతం, సాయంత్రం వేళ దాదాపు 55 శాతం పెరిగాయి. విస్తరణ ముగిసి పదేళ్లు కూడా నిండలేదు.

ఖాళీ ఎలా నిండుతుంది

దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక లేన్ పనితీరు తెలియాలి. ఫ్రీవే మీద ఒక లేన్ గంటకు గరిష్ఠంగా రెండు వేల నుంచి 2,400 వాహనాలను పంపగలదు. ఆ హద్దు దాకా వాహనాలు పెరుగుతున్నా వేగం పెద్దగా తగ్గదు. హద్దు దాటగానే పరిస్థితి తలకిందులవుతుంది. వేగం పడిపోతుంది, దాంతోపాటు గంటకు దాటే వాహనాల సంఖ్య కూడా తగ్గుతుంది. రోడ్డు ఎక్కువమందిని మోయాల్సిన వేళలోనే తన శక్తిలో కొంత పోగొట్టుకుంటుంది. వందకు ఐదో పదో వాహనాలు అదనంగా వస్తే చాలు, వందమందీ ఇరుక్కుపోతారు. ఆ ఐదూ పదీ తప్పుకుంటే మళ్లీ అందరూ కదులుతారు. రద్దీ గురించి ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతాదంతా సులువుగా తెలుస్తుంది.

విస్తరణ ప్రతిపాదన తయారుచేసేటప్పుడు సాధారణంగా ఏం చేస్తాం? ఇప్పుడు ఇన్ని వాహనాలున్నాయి, ఏటా ఇంత శాతం పెరుగుతాయి అని అంచనా వేస్తాం. ఆ వాహనాలనే ఇరుకు రోడ్డు మీద ఒకసారి, వెడల్పు రోడ్డు మీద ఒకసారి కాగితం మీద నడిపిస్తాం. రెండు సమయాల మధ్య తేడాను గంటల్లో కొలిచి, గంటకు ఇంత విలువ అని గుణించి, ప్రాజెక్టు లాభం తేలుస్తాం. ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. రోడ్డు వెడల్పైనా బాగుపడినా మనుషుల అలవాట్లు మారవనీ, అదే మనుషులు అదే వేళకు అదే దారిన అంతే దూరం వెళ్తారనీ ఆ లెక్క నమ్ముతుంది.

మనుషులు అలా ఉండరు. అమెరికన్ ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే దీన్ని సిద్ధాంతంగా చెప్పారు. నగరంలోని ఎక్స్‌ప్రెస్‌వే మీద రద్దీ వేళ ట్రాఫిక్ రోడ్డు సామర్థ్యాన్ని అందుకునేదాకా పెరుగుతుందన్నది దాని సారం. ఎందుకో కూడా ఆయన వివరించారు. రోడ్డు తెరిపిన పడగానే, రద్దీకి భయపడి తెల్లవారుజామునే బయల్దేరేవాళ్లు తమకు అనువైన ఎనిమిది గంటల వేళకు వస్తారు. సందుల్లోంచి, పక్క రోడ్ల మీంచి చుట్టుతిరిగి వెళ్లేవాళ్లు ఈ దారికి మళ్లుతారు. బస్సులోనో, ఇంకొకరి కారులోనో వెళ్లేవాళ్లు సొంత కారు తీస్తారు. ఈ మూడు మార్పులకూ వారాలు చాలు. కొత్త మనిషి ఒక్కడు కూడా ఊళ్లోకి రానక్కర్లేదు.

నాలుగో మార్పుకు ఏళ్లు పడుతుంది. దాని ప్రభావం మిగతా మూడింటికన్నా లోతైనది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఎంత దూరం ఉన్నా ముప్పావుగంటలో చేరతామంటే, మనిషి ఇంకాస్త దూరంలో ఇంకాస్త పెద్ద ఇల్లు కొంటాడు. బిల్డరు అక్కడే లేఅవుట్ వేస్తాడు. బడి, దుకాణం, ఆసుపత్రి అక్కడికే చేరతాయి. కేటీ పరిసరాలు విస్తరించిన ఫోర్ట్ బెండ్ కౌంటీ జనాభా చూడండి. 2000లో మూడున్నర లక్షలు, 2010లో 5.85 లక్షలు, 2020లో 8.23 లక్షలు. ఈ పెరుగుదలంతా ఒక్క రోడ్డు వల్లే వచ్చిందని నేననను. చమురు వ్యాపారం జోరు, టెక్సాస్‌కు వలసలు, చవకగా దొరికిన భూమి, అన్నీ కలిశాయి. కానీ ఆ వచ్చినవాళ్లు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో, రోజూ ఎంత దూరం కారు నడపాలో నిర్ణయించిన వాటిలో రోడ్డుది పెద్ద పాత్ర. వాళ్లు ఒకసారి స్థిరపడ్డాక వెనక్కి పోయే దారి లేదు. రద్దీ మళ్లీ వచ్చినప్పుడు వాళ్లు అడిగేది ఇంకో రెండు లేన్లే.

ఊరు ఎలాగూ పెరిగేదే కదా?

నా విద్యార్థులు దీన్ని విని ఒక మంచి అభ్యంతరం లేవనెత్తుతారు. పెరిగే ఊళ్లోనే రోడ్లు వెడల్పు చేస్తారు. కాబట్టి రోడ్డు వల్ల వాహనాలు పెరిగాయా, వాహనాలు పెరుగుతున్నాయని రోడ్డు వేశారా అన్నది ఎలా తేలుతుంది?

ఈ చిక్కుముడిని ఓపికగా విప్పినవాళ్లు జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. వారి పరిశోధన 2011లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. అమెరికా మహానగరాల్లో 1983, 1993, 2003 సంవత్సరాల రోడ్ల పొడవునూ వాహనాలు తిరిగిన దూరాన్నీ వాళ్లు పోల్చారు. కారణాన్నీ ఫలితాన్నీ విడదీయడానికి పాత పటాలు తీశారు. 1947 నాటి రహదారుల ప్రణాళిక, 1898 నాటి రైలు మార్గాలు, పూర్వకాలపు అన్వేషకులు నడిచిన దారులు. ఈనాటి ట్రాఫిక్‌ను చూసి ఆ పటాలు ఎవరూ గీయలేదు. అయినా ఆ పాత దారుల పుణ్యాన కొన్ని నగరాలకు ఎక్కువ రోడ్లు దక్కాయి. అలా దక్కిన నగరాల్లోనూ వాహనాలు తిరిగే దూరం రోడ్డు పెరిగినంత మేరా పెరిగింది. పట్టణ ఇంటర్‌స్టేట్‌లను పదిశాతం పెంచితే వాటి మీద వాహనాల తిరుగుడు దాదాపు పదిశాతం పెరుగుతుందని వాళ్లు తేల్చారు. అంతకుముందు 1997లో కాలిఫోర్నియా రహదారుల మీద హాన్సెన్, హువాంగ్ చేసిన అధ్యయనమూ దీనికి దగ్గరి ఫలితమే చూపింది. బ్రిటన్‌లో ప్రభుత్వ సలహా సంఘమే 1994లో, కొత్త రోడ్లు కొత్త ట్రాఫిక్‌ను పుట్టిస్తాయని, ప్రాజెక్టు లెక్కల్లో దాన్ని చేర్చాలని నివేదిక ఇచ్చింది.

డ్యురాంటన్, టర్నర్ ఇంకో మాట కూడా చెప్పారు. నాలాంటి బస్సు పక్షపాతులకు అది రుచించదు, అయినా దాచకూడదు. ప్రజారవాణా పెంచినంత మాత్రాన రోడ్డు మీద వాహనాల తిరుగుడు తగ్గినట్టు వాళ్ల లెక్కల్లో కనిపించలేదు. కారణం ఒకటే. పదిమంది రైలెక్కితే రోడ్డు మీద ఖాళీ అయిన చోటును ఇంకో పదిమంది కార్లతో నింపుతారు. కాబట్టి మెట్రో వేస్తే ట్రాఫిక్ జామ్ ఉండదని చెప్పడం కూడా నెరవేరని మాటే. మెట్రో చేసే మేలు వేరు. జామ్‌లో చిక్కుకోకుండా వెళ్లే దారిని లక్షలమందికి అది ఇస్తుంది. గురువుగారి గడిలో లెక్కకు వచ్చే మేలు అదే.

విస్తరణ వల్ల ఏ ప్రయోజనమూ లేదని కూడా నేననను. లాస్ ఏంజెలెస్‌లో సెపుల్వేడా కనుమ గుండా వెళ్లే 405 ఫ్రీవేకు వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి ఉత్తరం వైపు పది మైళ్ల కార్‌పూల్ లేన్ చేర్చారు. 2009లో పని మొదలై 2014లో లేన్ తెరుచుకుంది. సరిగ్గా రద్దీ వేళ ప్రయాణ సమయం తగ్గలేదు గానీ, రద్దీ సాగే గంటలు కొంత తగ్గాయి, దాటే వాహనాలు పెరిగాయి. కేటీ ఫ్రీవే కూడా ఈరోజు పాత రోడ్డు మోయలేనంతమందిని మోస్తోంది. ఎన్నో కుటుంబాలకు స్తోమతకు తగ్గ ఇల్లు అందుబాటులోకి వచ్చింది. అవి నిజమైన లాభాలే. అయితే ప్రజలకు చెప్పింది ఆ లాభాల గురించి కాదు. మీ ప్రయాణ సమయం తగ్గుతుందని చెప్పారు. ఊరిని విస్తరించడానికి రోడ్డు వేస్తున్నామంటే ఆ లక్ష్యం మీద చర్చ జరిగేది. అంత దూరం ఊరు పెరగాలా, నీళ్లూ మురుగు కాలువలూ ఎవరు వేస్తారు, వరద ఎటు పోతుంది అని జనం అడిగేవారు. రద్దీ తగ్గిస్తామని చెప్పి ఊరిని విస్తరించినప్పుడు ఆ ప్రశ్నలు అడిగే అవకాశమే రాలేదు.

ఎవరి ఇంటి మీదుగా

ఖర్చు డాలర్లలో మాత్రమే ఉండదు. కేటీ ఫ్రీవేకు అటూ ఇటూ ఆడిక్స్, బార్కర్ అనే రెండు జలాశయాలున్నాయి. 1940ల్లో హ్యూస్టన్‌ను వరదల నుంచి కాపాడడానికి కట్టినవి అవి. అప్పట్లో వాటి పైవైపున గడ్డి మైదానం ఉండేది. వాననీటిని నేల పీల్చుకునేది. నగరం పడమరకు పాకేకొద్దీ ఆ మైదానం ఇళ్లుగా, పార్కింగ్ స్థలాలుగా, తారురోడ్లుగా మారింది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను కురిపించిన వానకు ఆ జలాశయాలు నిండి, పైవైపున కట్టుకున్న ఇళ్లలోకి నీళ్లు ఎదురుతన్నాయి. గేట్లు ఎత్తితే కిందివైపు ఇళ్లు మునిగాయి. హార్వీ అసాధారణమైన వాన, ఏ నగరమైనా తట్టుకోవడం కష్టమే. కానీ నేల పీల్చుకోవాల్సిన నీటికి చోటు లేకుండా చేసిన నిర్ణయాలు మనుషులవే, వాటిలో రోడ్ల నిర్ణయాలూ ఉన్నాయి.

అదే హ్యూస్టన్‌లో ఇంకో విస్తరణ చూడండి. నగర కేంద్రం మీదుగా ఉత్తరానికి పోయే ఇంటర్‌స్టేట్ 45ను తిరగ్గట్టే ప్రాజెక్టు. దానికోసం వెయ్యికి పైగా ఇళ్లు, మూడు వందలకు పైగా వ్యాపారాలు, కొన్ని ప్రార్థనా మందిరాలు, బడులు కూల్చాల్సి వస్తుందని ప్రాజెక్టు పత్రాలే చెప్పాయి. ఆ దారిలో ఉన్నవి ఎక్కువగా నల్లజాతివాళ్లు, లాటినోలు ఉండే పేటలు. వాటిలో ఇండిపెండెన్స్ హైట్స్ ఒకటి. టెక్సాస్‌లో నల్లజాతివాళ్లు 1915లో సొంత పురపాలక సంఘంగా ఏర్పరుచుకున్న మొదటి ఊరు అది. 2021 మార్చిలో, హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ ఈ ప్రాజెక్టు మీద కోర్టుకెక్కింది. పౌరహక్కుల ఫిర్యాదులు అందడంతో ఫెడరల్ హైవే శాఖ పని ఆపించింది. 2023లో కొన్ని షరతులతో ఒప్పందం కుదిరి ప్రాజెక్టు ముందుకు సాగింది.

ఈ రెండు ఉదంతాల్లోనూ ఒకటే తీరు. రోడ్డు వల్ల సమయం కలిసొచ్చేది దూరంగా ఉండేవాడికి. ఇల్లు, నీడ, నిద్ర, పొడి నేల పోయేది రోడ్డు పక్కన ఉండేవాడికి. ఇంజనీరు తయారుచేసే లాభనష్టాల పట్టికలో మొదటివాడి నిమిషాలకు వెల కట్టే వరుస ఉంటుంది. రెండోవాడి పేటకు వెల కట్టే వరుస ఎక్కువసార్లు ఉండదు.

రోడ్డుకు వేళను బట్టి ధర

రద్దీ వేళ ఆ ఐదూ పదీ వాహనాలను తప్పించగలిగితే మిగతా అందరూ కదులుతారని ఇందాక చెప్పాను. తప్పించడం ఎలా? కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం విక్రీ దీనికి 1950ల నుంచే సమాధానం చెబుతూ వచ్చారు. రద్దీ వేళ రోడ్డెక్కే ప్రతి వాహనం తన వెనకవాళ్లందరి సమయాన్ని కాస్త కాస్త తింటోంది. ఆ భారాన్ని ఆ వాహనం నడిపేవాడికి ధర రూపంలో చూపించాలి. రద్దీ లేని వేళ ధర తగ్గించాలి. విక్రీకి 1996లో నోబెల్ బహుమతి ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు. ఆలోచన మాత్రం నగరాల్లో అమలవుతూ వచ్చింది. సింగపూర్ 1975లోనే మొదలుపెట్టింది. లండన్ 2003లో, న్యూయార్క్ 2025 జనవరిలో అమలుచేశాయి. కేటీ ఫ్రీవే మధ్యలోని టోల్ లేన్లలోనూ వేళను బట్టి ధర మారుతుంది. రద్దీ వేళల్లో ఇద్దరు లేదా అంతకు మించి ఎక్కిన బళ్లకు మినహాయింపు ఉంటుంది.

వీటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది స్టాక్‌హోం. 2006 జనవరి నుంచి జులై చివరిదాకా ఏడు నెలలపాటు ప్రయోగంగా రుసుము వసూలుచేశారు. మొదట జనం గట్టిగా వ్యతిరేకించారు. నగర సరిహద్దు దాటే వాహనాలు దాదాపు 20 శాతం తగ్గాయి. ఐదో వంతు తగ్గితేనే ప్రయాణం ఎంత హాయిగా మారుతుందో జనం స్వయంగా చూశారు. తర్వాత రుసుము ఆపేసి, ప్రజాభిప్రాయం అడిగారు. నగరవాసులు స్వల్ప ఆధిక్యంతో ఒప్పుకున్నారు. 2007లో అది శాశ్వతమైంది. ఒక్క లేన్ వేయలేదు, ఒక్క ఇల్లు కూల్చలేదు.

ధర అంటే పేదవాడిని రోడ్డు మీంచి తోలేయడం కాదా అన్న ప్రశ్న న్యాయమైనది. జవాబు ఆ డబ్బు ఎటు పోతుందన్న దాంట్లో ఉంది. కారు నడిపేవాడు కట్టిన రుసుము బస్సుగా, రైలుగా, కాలిబాటగా తిరిగొస్తేనే అది న్యాయం. స్టాక్‌హోం ప్రయోగానికి ముందే బస్సులు పెంచారు. బస్సు లేనిచోట రుసుము పెట్టడం అన్యాయం, అది నేను సమర్థించను.

మన దగ్గర

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. మన రోడ్లు హ్యూస్టన్ రోడ్లు కావు. మనకు స్కూటర్లున్నాయి, ఆటోలున్నాయి, నడిచేవాళ్లున్నారు. అందుకే అక్కడి తీర్పును ఇక్కడ యథాతథంగా వర్తింపజేయలేం. కానీ మన ఆలోచన మాత్రం అదే దారిలో నడుస్తోంది. హైదరాబాద్‌లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు 2009లో తెరుచుకుంది. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు ఎనిమిది లేన్లతో దశలవారీగా పూర్తయింది. ఐటీ కారిడార్‌లో ఫ్లైఓవర్ల వరుస లేచింది. ఇవన్నీ ఉపయోగపడుతున్నాయి. విమానాశ్రయానికి వెళ్లేవాళ్లను అడిగితే తెలుస్తుంది. కానీ ఔటర్ పక్కన కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ ఎలా మారిపోయాయో కూడా మన కళ్లముందే ఉంది. నాలుగో మార్పు అంటే అదే. అక్కడి అంతస్తుల్లోకి చేరే కుటుంబాలన్నీ రేపు పొద్దున ఎనిమిదిన్నరకు ఏ రోడ్డెక్కుతాయో అంచనా వేసే బాధ్యత మనదే.

మన కొలతలోనే ఒక లోపముంది, ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టణ రోడ్ల మార్గదర్శకాల ప్రకారం ప్రతి వాహనాన్నీ కార్ల లెక్కలోకి మారుస్తాం. కారు ఒకటి. బస్సు, ట్రాఫిక్‌లో దాని వాటాను బట్టి 2.2 నుంచి 3.7 కార్లతో సమానం. అది ఆక్రమించే చోటుకు సంబంధించి ఆ లెక్క సరైనదే. కానీ అరవైమందిని మోసే బస్సు కాగితం మీద నాలుగు కార్లంత అడ్డంకిగా కనిపిస్తుంది. మనుషుల గడి లేకపోతే బస్సు ఒక సమస్య, కారు ఒక ప్రయాణికుడు అన్న అర్థం వస్తుంది. లెక్క తిప్పి చూడండి. గంటకు రెండువేల కార్లు దాటే లేన్‌లో, కారుకు ఒకరూ ఇద్దరూ చొప్పున, మహా అయితే మూడువేలమంది వెళ్తారు. అదే లేన్‌లో నిమిషానికి ఒక నిండు బస్సు పోతే గంటకు 3,600 మంది వెళ్తారు. పైగా నిమిషానికి ఒక్క బస్సే కాబట్టి లేన్ దాదాపు ఖాళీగా ఉంటుంది, ఇంకా అంతకు ఎన్నో రెట్లు మోయగలదు.

విస్తరణలో మనం పోగొట్టుకునేవి కూడా ప్రత్యేకం. మొదట కాలిబాట పోతుంది, తర్వాత చెట్టు పోతుంది, ఆ తర్వాత రోడ్డు దాటే ముసలమ్మ ధైర్యం పోతుంది. హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు వెళ్లే జాతీయ రహదారి 46 కిలోమీటర్ల విస్తరణలో దాదాపు 900 మర్రిచెట్ల గురించి ఏళ్లతరబడి ఆందోళన, వ్యాజ్యం నడిచాయి. చెట్లను కాపాడుకుంటూ రోడ్డు ఎలా వేయాలన్న ప్రశ్న మొదటి డ్రాయింగ్‌లోనే వచ్చి ఉంటే ఆ ఏళ్లు మిగిలేవి.

2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో నేడు 69 కిలోమీటర్లు నడుస్తోంది. 2003 నుంచి ఎంఎంటీఎస్ ఉంది. ఈ రెండింటికీ ఇంటి దగ్గరి నుంచి నడిచి చేరే కాలిబాట, దిగాక ఆఫీసు దాకా చేర్చే బస్సు ఉంటే వాటి విలువ ఎన్నో రెట్లవుతుంది. ఒక ఫ్లైఓవర్ ఖర్చులో కొంత భాగం ఆ చివరి కిలోమీటరుకు పెట్టి చూడమని అడగడం అత్యాశ కాదు.

నా విన్నపం

ఈ ఉపన్యాసం విని రోడ్లే వేయొద్దంటున్నాడని ఎవరూ వెళ్లకూడదు. గ్రామానికి రోడ్డు కావాలి. ప్రాణాలు తీసే మలుపు సరిచేయాలి. రెండు లేన్ల వంతెన ముందు నాలుగు లేన్ల రోడ్డు ఆగిపోతుంటే ఆ వంతెనను వెడల్పు చేయాల్సిందే. నేను అడ్డుపడుతున్నది ఒక్క హామీకే. పెద్ద నగరంలో రద్దీ వేళ ప్రయాణాన్ని లేన్లు పెంచి శాశ్వతంగా తగ్గిస్తామన్న హామీ ఎక్కడా నిలబడలేదు. 26 లేన్లతో నిలబడని హామీ ఆరు లేన్లతో, ఎనిమిది లేన్లతో నిలబడుతుందని నమ్మడానికి కారణం కనిపించదు.

అందుకే అధికారులకు, ప్రజాప్రతినిధులకు, రేపు ఈ వృత్తిలోకి వచ్చే విద్యార్థులకు నా విన్నపం ఇది. నగరంలో ఏ రహదారి విస్తరణకైనా ప్రతిపాదన రాసేటప్పుడు, రద్దీ వేళ ప్రయాణం ఇన్ని నిమిషాలు తగ్గుతుందని, గంటకు ఇంతమంది మనుషులు దాటతారని, ఇన్ని ఇళ్లు, ఇన్ని చెట్లు, ఇంత కాలిబాట పోతాయని తెలుగులో రాసి ఆ వార్డులో అతికించండి. విస్తరణ పుట్టించే కొత్త ట్రాఫిక్‌ను ఆ లెక్కలోనే చేర్చండి. అదే డబ్బుతో బస్సు లేన్ వేస్తే ఎంతమంది దాటతారో పక్క వరుసలో చూపండి. రోడ్డు తెరిచిన ఐదేళ్లకు, దాన్ని కట్టినవాళ్లతో సంబంధం లేని బృందం చేత మళ్లీ కొలిపించి, ఆ ఫలితాన్ని అదే గోడ మీద అతికించండి. వంతెన కూలితే విచారణ జరుపుతాం. ఇచ్చిన మాట కూలినప్పుడు కూడా జరపాలి. ఐదేళ్ల తర్వాత లెక్క చూపిస్తామని రాసివ్వని విస్తరణకు ఏ ఇంజనీరూ సంతకం పెట్టకూడదు, ఏ పౌరుడూ చప్పట్లు కొట్టకూడదు.